సార్ చేతి మీద దూలగొండి

నేను పని చేసేది దురద మీద. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు కొంచెం వెనక్కి జరుగుతారు. అంటుకునేది కాదు, పరిశోధన అని వెంటనే చెప్పాల్సి వస్తుంది. బెంగళూరులో ఒక సంస్థలో పదకొండేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్నాను. మొదటి ఐదేళ్ళు ఈస్టు మీద, తర్వాత ఆరేళ్ళు దురద మీద. ఈస్టు మీద ఉన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు.

మా సార్‌ది తెనాలి వైపు. నరాల గురించి చదువుకున్నారు. మనిషికి దురద ఎలా తెలుస్తుంది, ఎందుకు గోక్కుంటాడు అన్నది ఆయన ప్రశ్న. నొప్పి అంటే అందరికీ గౌరవం, దురద అంటే నవ్వు అనేవారు. దోమ కుడితే వచ్చే దురదకి మాత్ర ఉంది. కిడ్నీలు పాడైనవాళ్ళకి ఒళ్ళంతా వచ్చే దురదకి ఆ మాత్ర సరిగ్గా పని చెయ్యదు. ఈ రెండో రకం ఒంట్లో వేరే దారిలో పోతుందని ఆయన నాకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు. ఆ దారిని చూడాలంటే అలాంటి దురదని కావాలని పుట్టించాలి. అందుకు పనికొచ్చేది దూలగొండి.

కంచెల మీద పాకే చిక్కుడు జాతి తీగ అది. ఇక్కడ కన్నడంలో నసుగున్ని అంటారు. కాయ మీద బంగారు రంగు నూగు మెత్తగా కనిపిస్తుంది, ముట్టుకోబుద్ధేస్తుంది. ఒకసారి ముట్టుకున్నవాళ్ళు రెండోసారి ముట్టుకోరు.

సంస్థకి రసాయనాలు అమ్మే కంపెనీల జాబితాలో దూలగొండి లేదు. మడకశిర పక్కన మా మామ ఊళ్ళో కంచెల నిండా ఉంటుందని నేనే చెప్పాను. చెప్పి ఉండకూడదేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

జనవరిలో ఒక శనివారం సార్, నేను కారులో వెళ్ళాం. మామ రాగి కోసేసిన చేను గట్టు మీద నిలబడి ఉన్నాడు. సార్ కారు దిగి, డిక్కీ తెరిచి, రెయిన్‌కోటు, రబ్బరు గ్లౌజులు, మాస్కు, పెద్ద కళ్ళద్దాలు ఒక్కొక్కటే తొడుక్కుంటుంటే చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు.

"వాన వచ్చేట్టుండాదా?" అని నన్ను అడిగాడు.

"లేదు మామా. దూలగొండి కాయలు కొయ్యాల."

"కోసి?"

"బెంగళూరికి తీసుకపోతాము."

"తీసుకపోయి?"

"సార్ చేతి మీద వేసుకుంటారు."

మామ కంచె మీది తీగ వైపు వేలు చూపించాడు. "మేము ఆ పక్కకి మేకల్ని కూడా పోనియ్యము," అన్నాడు.

సార్ కత్తెరతో కాయలు ఒక్కొక్కటే కోసి ప్లాస్టిక్ డబ్బాలో వేస్తున్నారు. అంతా పద్ధతిగానే జరిగింది. డబ్బా మూత పెట్టేటప్పుడు గాలి మళ్ళింది. రెయిన్‌కోటు కాలరుకీ మెడకీ మధ్య కొంచెం సందు ఉంది. సార్ ఒక్కసారి బిగుసుకుపోయారు. ఆ తర్వాత గట్టు మీద కూర్చుని, ఒక గ్లౌజు తీసి, వాచీ చూసుకుని, జేబులోంచి నోటుబుక్కు తీశారు.

మామ పరుగున ఇంటికి పోయి బొచ్చెలో తడి పేడ తెచ్చాడు. "రాసుకో సామీ, తగ్గుతాది."

"ఒక్క ఇరవై నిమిషాలు ఆగండి," అన్నారు సార్. మెడంతా ఎర్రగా అయిపోయింది. నిమిషానికొకసారి ఒక అంకె రాసుకుంటున్నారు. రెండో చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నారు.

మామ నన్ను పక్కకి పిలిచాడు. "ఏమ్మా, మీ సారు బాగా చదువుకున్నోడేనా?"

"చానా చదువుకున్నారు మామా."

"అట్లయితే సరే," అన్నాడు. ఆ మాటతో మామకి మొత్తం అర్థమైనట్టే ఉంది.

ఇరవై నిమిషాలు అయ్యాక సార్ పేడ రాయించుకున్నారు. దానితో తగ్గుతుందని ఎలా తెలుసు అని మామని అడిగారు. మా నాయన రాసేవాడు అన్నాడు మామ. అది కూడా రాసుకున్నారు.

మనుషుల మీద ఏ ప్రయోగం చెయ్యాలన్నా సంస్థలో ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. సార్ దరఖాస్తు పెట్టారు. ఇందులో వచ్చే ప్రమాదం ఏమిటి అని కమిటీ అడిగింది. దురద అని సార్ రాశారు. వివరంగా రాయమని కాగితం తిరిగొచ్చింది. సార్ నాలుగు పేజీలు రాశారు. ఇంకా ఏవో సందేహాలు వచ్చాయి. నెలలు గడుస్తున్నాయి, డబ్బాలో కాయలు ఎండుతున్నాయి.

"వేరేవాళ్ళ చెయ్యి కదా వాళ్ళ అనుమతి కావాల్సింది. నా చెయ్యి నాదే," అన్నారు సార్ ఒకరోజు. నేను ఏమీ అనలేదు. ఆయన ప్రొఫెసరు, నేను టెక్నీషియన్ని. నాకు కూడా ఏమవుతుందో చూడాలని ఉందన్నది నిజం. ఇది ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం, శుక్రవారం ఉదయం పదకొండింటికి. నేను మైక్రోస్కోప్ కింద నూగుని పట్టకారుతో లెక్కపెట్టి తీసేదాన్ని. సార్ ముంజేతి మీద పెన్నుతో చిన్న చదరం గీసి, అందులో ఆ నూగు అద్దేదాన్ని. అంతకు గంట ముందు ఒక గుళిక ఇచ్చేదాన్ని. కొన్నిరోజులు అందులో దోమ దురదకి వాడే అలర్జీ మాత్ర, కొన్నిరోజులు ఉత్త చక్కెర. ఏరోజు ఏదో సార్‌కి తెలియకూడదు, నాకే తెలియాలి. తర్వాత స్టాప్‌వాచ్ నొక్కి నిమిషానికొకసారి "ఎంత సార్?" అని అడగాలి. సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పేవారు. గోకకూడదు. అదొక్కటే నియమం.

మొదటి వారం నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. రెండో వారం నుంచి ఆయన మొహం చూడ్డం మానేశాను. బూట్లు చూసేదాన్ని. మొహం కదలకుండా పెట్టుకునేవారు గానీ బూట్లలో వేళ్ళు ముడుచుకుంటున్నట్టు తోలు ఉబ్బేది. "ఏడు," అనేవారు మామూలు గొంతుతో, బస్సు నంబరు చెప్తున్నట్టు. "ఏడు. ఎనిమిది. ఎనిమిదిన్నర, అరలు ఒప్పుకుంటామా?" ఒప్పుకోమని చెప్పేదాన్ని.

ఒక శుక్రవారం అడిగాను. "సార్, ఒక్క మనిషి చెయ్యితో ఏం తేలుతుంది? నా చెయ్యి కూడా తీసుకోండి."

"వద్దు."

"ఎందుకు సార్?"

"మీరు నా కింద పనిచేస్తున్నారు. మీరు ఊ అన్నా అది మీ ఇష్టంతో అన్నట్టు కాదు."

"నా ఇష్టంతోనే అంటున్నాను."

"అది నాకు తెలిసే దారి లేదు," అన్నారు. తర్వాత ఎంత అడిగినా అదే మాట.

మరుసటి ఏడాది మార్చిలో ఒక మంగళవారం, పదకొండున్నర దాటాక, కాయల డబ్బా అడుగున మిగిలిన నూగుని చిన్న సీసాలోకి మార్చాలనుకున్నారు. గాలిని లోపలికి లాగే అద్దాల పెట్టెలో పెట్టి చేసే పని అది. కరెంటు పోయింది. చీకట్లో సరిగ్గా కనిపించలేదని సార్ కళ్ళద్దాలు తీశారు. డబ్బాని కిటికీ వెలుతురు దగ్గరికి తెచ్చారు. అక్కడ బల్ల మీద ఒక టేబుల్ ఫ్యాను ఉంటుంది, స్విచ్చి ఎవరూ ఆపలేదు. కరెంటు వచ్చింది.

ఆయన అరవలేదు. "నా చేతులు పట్టుకోండి," అన్నారు. "రెండూ. రుద్దకూడదు. గట్టిగా పట్టుకోండి."

రెండు మణికట్లూ పట్టుకున్నాను. ఆరేళ్ళలో నేను ఆయన చెయ్యి పట్టుకున్నది చదరం గీయడానికే. ఆయన ఎంత బలంతో తన చేతుల్ని పైకి లాక్కున్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. నోరు మాత్రం మర్యాదగానే మాట్లాడుతోంది. అలాగే లాక్కుపోయి, కళ్ళు కడిగే కుళాయిని మోచేత్తో నొక్కి, ఆయన తల వంచాను.

"టైమ్ చూశారా?"

"పదకొండూ నలభై రెండు సార్."

"రాయండి."

"మీ చేతులు పట్టుకున్నాను సార్. ఎట్లా రాసేది?"

కాసేపు ఆలోచించారు. "అయితే గుర్తుపెట్టుకోండి. ఎడమ కన్ను. దురద కాదు, ముందు మంట. రాళ్ళు పడ్డట్టు ఉంది. ఇప్పుడు దురద మొదలైంది."

క్యాబ్‌లో కంటి ఆసుపత్రికి బయల్దేరాం. దారంతా ఆయన చేతులు వదల్లేదు. సిగ్నలు దగ్గర డ్రైవరు అద్దంలోంచి చూశాడు. ఇద్దరు నడివయసువాళ్ళు వెనక సీట్లో చేతులు పట్టుకుని కూర్చున్నారు, మగాయన ఏడుస్తున్నాడు. "ఏనాయ్తు మేడం?" అని మెల్లగా అడిగాడు. కంట్లో ఏదో పడిందని చెప్పాను. అతను నమ్మినట్టు లేడు, రేడియోలో పాట మాత్రం ఆపేశాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. ఏం పడిందని అడిగింది. సార్ మొక్క పేరుతో మొదలుపెట్టి నూగు కొసన ఉండే పదార్థం దాకా వచ్చారు. "మాట్లాడకండి, కన్ను కదుల్తోంది," అంది. ఒక్కొక్క నూగే తీసింది. దాదాపు గంట పట్టింది. అయిపోయాక ఆ తీసినవి తనకి ఇవ్వగలరా అని సార్ అడిగారు. ఆమె నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

సార్ భార్య కాలేజీలో లెక్కలు చెప్తారు. క్లాసు మధ్యలో వచ్చేసినట్టున్నారు, వేళ్ళకి చాక్‌పీస్ పొడి ఉంది. లోపలికి వెళ్ళి ఆయన్ని చూసి, బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"చేతి మీద మచ్చలు ఏమిటంటే దోమలన్నారు నాతో. దోమలు చదరంగా కుడతాయా అనుకున్నాను. ఎన్నాళ్ళ నుంచి?"

"ఐదు నెలలు మేడం."

"అంకెలు ఎవరు రాసేవాళ్ళు?"

"నేనే."

"మీరు నాకు ఒక ఫోన్ చెయ్యాల్సింది కదమ్మా," అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. సార్‌కి దురద పుట్టించింది దూలగొండి అయినా అద్దింది నా చెయ్యి. ఆయన పెద్దవాడు, చదువుకున్నవాడు, నేను చెప్తే వింటాడా అని అన్ని రోజులూ నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కసారి కూడా చెప్పి చూడలేదు.

కన్ను పోలేదు. నల్లగుడ్డు మీద చిన్న మచ్చ మిగిలింది. ఆ కంటికి దీపాల చుట్టూ మసక కనిపిస్తుందట, సాయంత్రాలు కారు నడపడం మానేశారు. కమిటీ పిలిచి సంజాయిషీ అడిగింది. నన్నూ పిలిచారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఐదు నెలల నోటుబుక్కు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ అంకెలు ఎక్కడా వాడకూడదన్నారు. మూడు నెలలు దూలగొండి ముట్టుకోకూడదన్నారు. సార్ అన్నిటికీ తల ఊపారు. తప్పు తనదేననీ నన్ను ఏమీ అనొద్దనీ రాసిచ్చారు.

చెయ్యడానికేమీ లేక, ఎడమ కంటికి పట్టీ ఉండగా ఒంటికన్నుతో పాత కాగితాలు సర్దుతున్న రోజుల్లో ఒక మాట అన్నారు. "డయాలసిస్ చేయించుకుంటూ ఈ దురద ఉన్నవాళ్ళతో కూర్చుని మాట్లాడాలని ఎప్పటి నుంచో ఉంది. ప్రయోగం కాదు, ఊరికే వినడానికి. ఎవరైనా తెలుసా?"

మా ఇంట్లోనే ఉన్నారు. బొమ్మనహళ్ళిలో మా పెద్దమ్మ మాతోనే ఉంటుంది. గార్మెంట్సులో ఇరవై ఏళ్ళు చెకింగ్‌లో చేసింది. కుట్టిన చొక్కాని వెలుతురులో పట్టి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఆమె పని. షుగరుతో కిడ్నీలు పోయాయి. నాలుగేళ్ళుగా మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. ప్లాస్టిక్ దువ్వెనతో వీపు గోక్కుంటూ ఉండేది. ఆరేళ్ళుగా నేను దురద మీద పనిచేస్తున్నాను, నాలుగేళ్ళుగా ఆమె నా పక్కనే గోక్కుంటోంది. ఎట్లా ఉంది పెద్దమ్మా అని ఒక్కసారీ అడగలేదు. డాక్టర్లకి చెప్పావా అంటే, "పెద్ద జబ్బు పెట్టుకోని చిన్నదాని గురించి ఏం చెప్పేది" అనేది. అక్కడితో వదిలేసేదాన్ని.

ఒక ఆదివారం సార్ కంటికి పట్టీతో మా ఇంటికి వచ్చారు. పెద్దమ్మ కుర్చీలో కూర్చుంది. సార్ తన ప్రశ్నల కాగితం తీశారు.

"దురద ఎలా ఉంటుందమ్మా? చీమలు పాకినట్టా, సూదులు గుచ్చినట్టా?"

పెద్దమ్మ దువ్వెన పక్కన పెట్టింది. "చర్మం మీద కాదప్పా. లోపల. పైన ఎంత గోకినా దానికి అందదు. చొక్కా లోపల పట్టీ మడత పడితే పైన ఇస్త్రీ చేసినట్టు." ఆపకుండా గంటన్నర చెప్పింది. వీపు ఒక రకం, పిక్కలు ఒక రకం. డయాలసిస్ ముందు రోజు ఒక రకం, తర్వాత రోజు ఇంకొకటి. నేను టీ పెట్టి, అది చల్లారితే మళ్ళీ పెట్టాను.

"ఈ గీత మీద సున్నా నుంచి పది దాకా వేస్తే ఎంత?" అని అడిగారు సార్.

ఆ కాగితం ఇలా ఇయ్యమంది. చేత్తో పట్టుకుని కిటికీ వైపు ఎత్తి చూసింది. "ఇది తప్పుండాది," అంది.

"ఏది?"

"ఎంత దురద అని అడిగినావు. నాకు కొన్నిదినాలు నాలుగే ఉంటాది, అయినా చెయ్యి ఆగదు, రక్తం వచ్చేదాకా పోతాది. కొన్నిదినాలు తొమ్మిది ఉన్నా ఆపుకోని కూర్చుంటా. దురద వేరే, చెయ్యి వేరే. రెండూ ఒక గీత మీద పెడితే ఎట్లా కుదురుతాదప్పా?"

సార్ కాగితం వెనక్కి తీసుకుని ఆ గీతని మళ్ళీ చూశారు. ఐదు నెలలు తొడ కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆయన చెయ్యి ఎంత కష్టపడిందో మేము ఒక్క నిమిషం కూడా రాయలేదు, గోకలేదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు.

"నీ కంటికి ఏమైనాది?" అని అడిగింది పెద్దమ్మ. సార్ చెప్పారు.

"తెలిసి తెలిసి వేసుకున్నావా?"

"చేతి మీద తెలిసే. కంట్లో తెలియక."

"ఎంతసేపు ఉంటాది నీది?"

"ఇరవై నిమిషాలు. ఒక్కోసారి అరగంట."

"నాకు నాలుగేండ్లు," అంది. దెప్పినట్టు కాదు, కొలత చెప్పినట్టు. తర్వాత, "అయినా వేసుకుని చూసినావు. మా డాక్టరు అది కూడా చెయ్యలేదు," అంది.

వెళ్ళేటప్పుడు సార్ ఆమె కిడ్నీ డాక్టరుకి ఒక ఉత్తరం రాసిచ్చారు. ఆ డాక్టరు మంచివాడే, ఆయన్ని ఎవరూ అడగలేదంతే. నరాల మీద పనిచేసే మాత్ర చిన్న మోతాదులో మొదలుపెట్టాడు. పెద్దమ్మకి మొదటివారం తల తిరిగింది, తర్వాత కొంచెం సర్దుకుంది. దురద పోలేదు. చెయ్యి ఎక్కువసేపు ఆగుతోంది అని చెప్పింది.

కమిటీ చివరికి అనుమతి ఇచ్చింది. ప్రతిసారీ ఇద్దరు ఉండాలి, కళ్ళద్దాలు తీయకూడదు, పక్కన ఒక డాక్టరు ఉండాలి, ఆపమన్న క్షణం ఆపాలి, సార్ చెయ్యి వాడకూడదు. కాగితంలో ఇప్పుడు రెండు గీతలు ఉన్నాయి. మొదటిది దురద ఎంత, రెండోది చెయ్యి ఆపుకోవడం ఎంత కష్టం. తెలుగులో, కన్నడంలో నేనే రాశాను, పెద్దమ్మ చెక్ చేసింది.

మొదటి వాలంటీరు పక్క డిపార్టుమెంటు గుమాస్తా. పెళ్ళిలో ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. నాలుగో నిమిషానికి ఆపెయ్యమన్నాడు. సార్ మొహం వాడిపోయింది గానీ, నేను టేపు పెట్టి నూగు తీసేదాకా ఒక్క మాట అనలేదు. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది చివరిదాకా కూర్చున్నారు. రెండు గీతలూ ఒకదానితో ఒకటి కలిసి నడవలేదు. పెద్దమ్మ చెప్పినట్టే, ఒకటి పైకి పోతే ఇంకొకటి ప్రతిసారీ దాని వెంట పోలేదు. అది పరిశోధన పేపరుగా వచ్చింది. చివర్లో ఒక రోగికి కృతజ్ఞతలు అని ఒక వాక్యం ఉంది. దాన్ని పెద్దమ్మకి తెలుగులో చదివి వినిపిస్తే, "రోగి అనేది ఎందుకు, చెకర్ అని వేసుంటే పోయేది కదా," అంది.

కిందటి నెల ఒకరోజు నేను పనికి బయల్దేరుతుంటే పెద్దమ్మ పిలిచింది. టీవీలో ఎవరో గోక్కుంటుంటే చూసి తనకీ మొదలైందట. తన ఒంట్లో లేని దురద కంటి నుంచి ఎట్లా వచ్చిందో మీ సారుని అడుగు అంది.

మెట్రోలో ఉండగానే ఫోన్ చేసి అడిగాను.

"అది ఎవరికీ సరిగ్గా తెలీదండీ," అన్నారు సార్. ఆ వెంటనే, "ఆవిడకి మళ్ళీ డయాలసిస్ లేని రోజు ఎప్పుడు?" అని అడిగారు.

బుధవారం అని చెప్పాను.